మధుమేహ రోగి, రోజా, అసర్ తర్వాతి గంట

రమజాన్ ఆఖరి పది రోజుల్లో ఒకనాటి సంగతి. అసర్ నమాజు ముగిసి గంట కూడా కాలేదు. మా మామూ మసీదు నుంచి వచ్చి వరండాలో నులక మంచం మీద కూర్చున్నారు. కాసేపటికి కుర్తా మొత్తం చెమటతో తడిసిపోయింది. ఎండాకాలం కాదు, నెత్తిన ఫ్యాను తిరుగుతూనే ఉంది. ముమానీ వచ్చి ఏమైందని అడిగితే కసురుకున్నారు. నలభై ఏళ్ల కాపురంలో ఆమెను ఒక్క మాట అని ఎరగని మనిషి! ఆ తర్వాత మాట ముద్దముద్దగా రావడం మొదలైంది. కోడలిని కూతురి పేరుతో పిలిచారు.

ఇంట్లో అందరిదీ ఒకటే మాట. రోజా కదా, నీరసం, ఇంకో గంటన్నర ఓపిక పడితే ఇఫ్తారేనని. ముమానీకి మాత్రం మనసు ఒప్పుకోలేదు. గ్లాసులో చక్కెర కలిపి తెచ్చింది. ఆయన పళ్లు బిగించి తల అడ్డంగా ఊపారు. బలవంతాన తాగిస్తే రోజా చెడగొట్టిన పాపం తనకు చుట్టుకుంటుందేమోనని ఆమె భయం. గ్లాసు ఆమె చేతిలో అలాగే ఉండిపోయింది. మగ్రిబ్ అజాన్ వినబడక ముందే ఆయన స్పృహ తప్పారు. ఆటోలో వేసుకుని ఆస్పత్రికి పరుగెత్తాం. వేలు గుచ్చి చూస్తే రక్తంలో చక్కెర 34. నరానికి గ్లూకోజ్ ఎక్కించాక కళ్లు తెరిచారు. తెరిచి అడిగిన మొదటి మాట, "నా రోజా పోయిందా?"

ఇంతటితో అయిపోలేదు. రాత్రంతా ఆస్పత్రిలోనే ఉంచాలని డాక్టరు గట్టిగా చెప్పారు. మావాళ్లు వింటేనా? లేచి కూర్చున్నారు, మాట్లాడుతున్నారు, ఇంకేం కావాలని తరావీహ్ వేళకు ఇంటికి తెచ్చేశారు. తెల్లవారుజామున రెండు గంటలకు మళ్లీ అదే చెమట, అదే తత్తరపాటు. మళ్లీ ఆటో, మళ్లీ సూది. ఆయన మింగేది గ్లిబెన్‌క్లమైడ్ అనే పాతకాలపు షుగర్ మాత్ర. దాని ప్రభావం ఒక పట్టాన వదలదు. వయసు మళ్లి, మూత్రపిండాలు కొంచెం నెమ్మదించిన వారిలో అయితే మరీనూ. ఒకసారి గ్లూకోజ్ ఎక్కించి పంపేస్తే, ఆ గ్లూకోజ్ ఖర్చయ్యాక మాత్ర మళ్లీ తన పని తాను చేస్తుంది. ఈ సంగతి మాకు ఆ రాత్రి దాకా తెలియదు.

ఈ ఉదంతంలో తప్పెవరిదని చాలాకాలం ఆలోచించాను. మామూది మొండితనం అనడం తేలిక. కానీ ఆయన తాను రోజా ఉంటున్నట్టు డాక్టరుకు ఎన్నడూ చెప్పలేదు. చెబితే వద్దంటారని భయం. మసీదులో ఎవరినీ అడగలేదు. అడిగితే ఈమాన్ బలహీనపడిందనుకుంటారని సిగ్గు. డాక్టరుకూ మౌల్వీ సాహెబ్‌కూ మధ్య ఉన్న ఈ ఖాళీలోనే మన పెద్దలు ఏటా పడిపోతున్నారన్నది నా అభిప్రాయం.

ఒంట్లో ఏం జరుగుతుందో చూడండి. సహరీలో తిన్నది కొన్ని గంటల్లో అరిగిపోతుంది. ఆ తర్వాత రక్తంలో చక్కెరను నిలబెట్టే బాధ్యత కాలేయానిది. తనలో దాచుకున్న నిల్వను కొంచెం కొంచెంగా కరిగించి రక్తంలోకి వదులుతుంది. ఆరోగ్యవంతుడిలో ఆ సమయానికి ఇన్సులిన్ దానంతటదే తగ్గుతుంది, గ్లూకగాన్ అనే మరో హార్మోను పెరుగుతుంది. అందుకే అతనికి ఆకలి, దాహం, కాస్త తలనొప్పి తప్ప వేరే బాధ ఉండదు. షుగర్ రోగి సంగతి అలా కాదు. సహరీలో ఇన్సులిన్ సూది వేసుకున్నా, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమిపిరైడ్ వంటి మాత్ర మింగినా, ఆ మందుకు ఇవాళ రోజా అని తెలియదు. సూది ద్వారా వెళ్లిన ఇన్సులిన్ తన గడువు తీరేదాకా చక్కెరను తగ్గిస్తూనే ఉంటుంది. మాత్ర అయితే క్లోమగ్రంథిని పిండి ఇన్సులిన్ తీస్తూనే ఉంటుంది. మన ప్రాంతంలో రోజా రుతువును బట్టి సుమారు పన్నెండున్నర నుంచి పద్నాలుగున్నర గంటలు. మధ్యాహ్నం దాటేసరికి ఒకపక్క రాబడి లేదు, మరోపక్క ఖర్చు ఆగలేదు. అసర్ తర్వాతి గంట ప్రమాదకరం కావడానికి కారణం ఇదే.

రక్తంలో చక్కెర డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే దాన్ని హైపోగ్లైసీమియా అంటారు. మన ఇళ్లలో అనే మాట 'లో షుగర్'. మొదట చెమట, చేతుల వణుకు, గుండెదడ, విపరీతమైన ఆకలి. 54 కంటే దిగితే మెదడుకు దెబ్బ తగలడం మొదలవుతుంది. మన శరీరం బరువులో మెదడు నూటికి రెండు పాళ్లే గాని, విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒళ్లు ఖర్చుపెట్టే శక్తిలో ఐదో వంతు దానికే కావాలి. అది మామూలుగా గ్లూకోజ్ మీదే బతుకుతుంది, నిల్వ పెట్టుకునే కొట్టు దానికి లేదు. అందుకే మనిషి కసురుకుంటాడు, తడబడతాడు, మనుషుల్ని పోల్చుకోలేడు. పళ్లు బిగించి చక్కెర నీళ్లు వద్దన్నది మామూ అని మేం అనుకున్నాం. నిజానికి అది చక్కెర అందని మెదడు చేసిన పని. ఆ స్థితిలో ఉన్న మనిషి వద్దన్న మాటకు విలువ ఇవ్వకూడదని ముమానీకి ఎవరూ చెప్పలేదు.

ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవారిలో, తరచు చక్కెర పడిపోయేవారిలో ఆ తొలి గంట అసలు మోగకపోవచ్చు. చెమట, వణుకు ఏమీ లేకుండా నేరుగా మతి తప్పుతారు. రక్తపోటుకు, గుండెకు వాడే కొన్ని మాత్రలు కూడా దడను, వణుకును కప్పేస్తాయి. చెమట మాత్రం కప్పలేవు. ముసలివారికి కారణం లేకుండా ఒళ్లు తడిసిపోతుంటే నీరసమని సరిపెట్టుకోవద్దని అనడం ఇందుకే.

ఇది మా ఇంటి ఒక్కరి కథేనా? 2001లో 13 దేశాల్లో 12 వేల మందికి పైగా ముస్లిం షుగర్ రోగుల వివరాలు సేకరించి 'ఎపిడయార్' అనే పెద్ద అధ్యయనం చేశారు. అందులో మన దేశమూ ఉంది. రెండో రకం మధుమేహం ఉన్నవారిలో నూటికి 79 మంది, మొదటి రకం ఉన్నవారిలో నూటికి 43 మంది కనీసం పదిహేను రోజులు రోజా ఉన్నారని తేలింది. మిగతా నెలలతో పోలిస్తే రమజాన్‌లో చక్కెర ప్రమాదకరంగా పడిపోయిన సందర్భాలు మొదటి రకంలో దాదాపు ఐదు రెట్లు, రెండో రకంలో ఏడున్నర రెట్లు పెరిగాయి. భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనం 2023లో వెల్లడించిన లెక్క ప్రకారం మన దేశంలో మధుమేహ రోగులు పది కోట్ల పైచిలుకు. ఇక మన వీధిలో ఎన్ని ఇళ్లు ఉంటాయో మీరే ఊహించుకోండి.

చాలామంది ఇక్కడ ఒక మాట అంటారు. చక్కెర పడిపోయింది సరే, శర్బత్ తాగాక లేచి కూర్చున్నాడుగా, ఇంకేముంది అని. ఇటీవలి పరిశోధనలు చెబుతున్నది ఏమిటంటే, లేచి కూర్చున్నంత మాత్రాన లెక్క చెల్లిపోదు. పైకి కనబడని నష్టం ఒకటి లోపల మిగిలిపోతుంది. దాని పేరు ఆక్సీకరణ ఒత్తిడి.

పేరు గంభీరంగా ఉంది గాని సంగతి వంటింట్లోదే. కట్టెల పొయ్యి మీద వండిన తరంవారికి ఇట్టే తెలుస్తుంది. కట్టెలు సమంగా మండితే మంట, వేడి. ఒక్కసారిగా కుక్కితే పొగ, మసి, ఎగిరే నిప్పురవ్వలు. మన ప్రతి కణంలోనూ ఆక్సిజన్‌తో చక్కెరను మండించే చిన్న పొయ్యిలు ఉన్నాయి. వాటి నుంచి ఎగిరే రవ్వలే సూపరాక్సైడ్ వంటి ఫ్రీ రాడికల్స్. కొద్దిగా ఎగిరితే వాటిని ఆర్పుకునే ఏర్పాటు శరీరంలోనే ఉంది. ఆర్పే శక్తికి మించి ఎగిరితే కణాల పొరలను, రక్తనాళాల లోపలి సున్నితమైన పూతను కాల్చేస్తాయి. అధిక చక్కెర వల్ల ఈ రవ్వలు పెరగడమే కళ్లు, మూత్రపిండాలు, నరాలు దెబ్బతినడానికి మూలమని అమెరికా శాస్త్రవేత్త మైకేల్ బ్రౌన్లీ 2001లో ప్రతిపాదించాడు. ఇది చక్కెర పెరిగినప్పటి మాట.

చక్కెర పడిపోయినప్పుడు? పొయ్యిలో కట్టె లేదు కదా, రవ్వలెక్కడివని అనిపిస్తుంది. ఇక్కడే అసలు విచిత్రం ఉంది. 2007లో కాలిఫోర్నియాలో సాంగ్ వాన్ సు, రేమండ్ స్వాన్సన్ బృందం ఎలుకల మీద ఒక ప్రయోగం చేసింది. మెదడు స్తంభించేంతగా చక్కెర తగ్గించి, తిరిగి గ్లూకోజ్ ఇచ్చి చూశారు. మెదడు కణాలు చావడానికి ఆకలి ఒక్కటే కారణం కాదని, ఆకలితో మాడిన కణాలకు గ్లూకోజ్ తిరిగి అందినప్పుడు ఎగిసిన సూపరాక్సైడ్ రవ్వలు కూడా కారణమని తేలింది. గ్లూకోజ్‌ను ఎంత పైస్థాయికి ఎక్కిస్తే నష్టం అంత ఎక్కువగా ఉంది. ఎలుకల సంగతి మనకెందుకంటారా? ఇటలీకి చెందిన డాక్టర్ ఆంటోనియో సెరియెల్లో బృందం మనుషుల మీదే చూసింది. మొదటి రకం మధుమేహం ఉన్నవారిలోనూ, ఆరోగ్యవంతుల్లోనూ రెండు గంటలపాటు చక్కెర తగ్గించి ఉంచారు. తర్వాత ఒకసారి మామూలు స్థాయికి తెచ్చారు, మరోసారి బాగా ఎక్కువ స్థాయికి ఎక్కించారు. రెండో పద్ధతిలో రక్తనాళాల పనితీరు మరింత క్షీణించింది, ఆక్సీకరణ ఒత్తిడి, వాపు గుర్తులు మరింత పెరిగాయి. ఈ ఫలితాలు 2012లో ప్రచురితమయ్యాయి.

దయచేసి దీన్ని తలకిందులుగా అర్థం చేసుకోవద్దు. చక్కెర పడిపోయిన మనిషికి చక్కెర ఇవ్వకూడదని కాదు. తక్షణం ఇవ్వాలి, ఒక్క నిమిషం ఆలస్యం చేయకూడదు. కాకపోతే కొలిచి ఇవ్వాలి. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి, అంటే సుమారు పదిహేను గ్రాములు, తాగించి పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ పరీక్షించాలి. ఇంకా 70 లోపే ఉంటే మరోసారి అంతే ఇవ్వాలి. పుంజుకున్నాక రొట్టో, అన్నమో కొంచెం పెట్టాలి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు. అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆ స్థితికి ఆస్పత్రి ఒక్కటే దారి.

ఇప్పుడు మన ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ వైపు ఒకసారి చూడండి. పగలంతా పట్టుదలగా కూర్చుని, చక్కెర 60కో 55కో దిగినా నోరెత్తకుండా, అజాన్ వినగానే ఎర్రటి శర్బత్ రెండు గ్లాసులు, గుప్పెడు ఖర్జూరాలు, పుచ్చకాయ ముక్కలు, సమోసా, పకోడీ, పాలల్లో నానిన సేమియా. నమాజు తర్వాత హలీమ్, ఆపైన బిర్యానీ. గంటన్నరలో చక్కెర 55 నుంచి 300కు! పగలంతా మాడ్చి సాయంత్రం వరద కట్ట తెంచడం అంటే ఇదే. ఈ కిందికి పైకి ఊపు ముప్పై రోజులు సాగితే రక్తనాళాల మీద ఏం జరుగుతుందో పైన చెప్పిన ప్రయోగం చదివాక వేరే వివరించనక్కర్లేదు. హలీమ్‌ను నేను తప్పుపట్టడం లేదు. 2010లో భౌగోళిక గుర్తింపు సైతం పొందిన మన హైదరాబాద్ హలీమ్ అంటే నాకూ ప్రాణమే. ఒక చిన్న గిన్నెడు తిని, ఆ పూట బిర్యానీ వదిలేస్తే పేచీ లేదు.

ఈ వరదకు ధర్మంలో ఆధారమేమీ లేదన్నది గమనార్హం. దైవప్రవక్త (స) పండు ఖర్జూరాలతో, అవి లేకుంటే ఎండు ఖర్జూరాలతో, అవీ దొరకకుంటే నీళ్లతో ఇఫ్తార్ చేసి మగ్రిబ్ నమాజుకు నిలబడేవారు. చిన్న ఖర్జూరం ఒక్కొక్కదానిలో నాలుగైదు గ్రాముల చక్కెర ఉంటుంది. మూడు తింటే డాక్టర్లు చెప్పే పదిహేను గ్రాములకు దగ్గర. నమాజుకు పట్టే సమయం కూడా ఇంచుమించు పదిహేను నిమిషాలే. దీన్ని సైన్సు అద్భుతమని చాటడానికి చెప్పడం లేదు. ప్రతిదాన్నీ అలా చాటే సోదరులతో నాకు పాత పేచీ ఉంది. మన అలవాట్లలోనే ఆ నిదానం ఉందని, దాన్ని మనమే పోగొట్టుకున్నామని చెప్పడం వరకే నా ఉద్దేశం. ఒక జాగ్రత్త మాత్రం మరవకండి. అజాన్ వేళకు నిజంగానే చక్కెర పడిపోయి ఉంటే ఖర్జూరం కంటే చక్కెర నీళ్లు త్వరగా పనిచేస్తాయి.

ఆక్సీకరణ ఒత్తిడి అన్న మాట వినగానే దానికి విరుగుడుగా డబ్బాలు అమ్మేవారు బయలుదేరతారు. యాంటీ ఆక్సిడెంట్ పొడులు, గుళికలు, నెలకు వేల రూపాయలు. వీటి సంగతి పరీక్షించి చూశారు. 'హోప్' అనే అధ్యయనంలో గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్న తొమ్మిది వేల మందికి పైగా మనుషులను పరీక్షకు తీసుకుని, సగం మందికి నాలుగైదేళ్లు రోజూ విటమిన్ ఇ ఇచ్చారు. వారిలో షుగర్ రోగులూ చాలామంది ఉన్నారు. గుండెపోట్లు గాని, మరణాలు గాని తగ్గలేదని 2000లో ప్రకటించారు. అంతకుముందు 1994లో ఫిన్లాండ్‌లో పొగతాగే మగవారికి బీటా కెరోటిన్ ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగింది. జామకాయ తినండి, ఆకుకూర తినండి, నిమ్మకాయ పిండుకోండి. కలోంజీ మీద నమ్మకం ఉంటే అదీ వాడుకోండి. కానీ ఆ చిటికెడు గింజల భరోసాతో డాక్టరిచ్చిన మాత్ర ఆపేసేవారిని, లేదా ఒళ్లు చెడ్డా రోజా ఉండగలమని ధీమాపడేవారిని చూస్తే భయమేస్తుంది. రవ్వలు ఎగిరాక నీళ్లు చల్లే పొడి కోసం వెతికేకన్నా, కట్టెలు సమంగా పెట్టుకోవడం సులువు కదా!

ఇక ధర్మాదేశం సంగతి. ఉపవాసాలను విధిగా చేసిన అల్ బఖరా సూరాలోనే, అదే చోట, 184, 185 ఆయతుల్లో వ్యాధిగ్రస్తునికీ ప్రయాణికునికీ మినహాయింపు ఉంది. తప్పిన రోజాలను వేరే దినాల్లో పూర్తి చేసుకోవచ్చు. కోలుకునే ఆశ లేని రోగి ఒక్కో రోజాకు ఒక పేదకు భోజనం పెట్టాలి. అదే ఫిద్యా. మన ప్రభువు మనకు సౌలభ్యాన్నే కోరుతున్నాడు, కష్టాన్ని కాదని ఆ వాక్యాల సారం. మినహాయింపు ఆదేశానికి పక్కనే ఉంది, ఎక్కడో అడుగున లేదు. అయినా మనం ఆదేశాన్ని చదివి మినహాయింపును దాటేస్తాం.

అబూదావూద్ హదీసు గ్రంథంలో ఒక ఉదంతం ఉంది. ప్రయాణంలో ఒక సహాబీ తలకు రాయి తగిలి గాయమైంది. ఆ రాత్రి ఆయనకు స్నానం విధి అయింది. తయమ్ముమ్‌తో సరిపెట్టుకునే వీలుందా అని తోటివారిని అడిగాడు. నీళ్లు ఉండగా నీకు ఆ వీలు లేదన్నారు వాళ్లు. ఆయన స్నానం చేశాడు, మరణించాడు. సంగతి విన్న దైవప్రవక్త (స) ఎంతగా ఆగ్రహించారంటే, అతణ్ని చంపింది మీరేనన్నారు. తెలియనప్పుడు అడిగి తెలుసుకోవలసిందని, అజ్ఞానమనే జబ్బుకు అడగడమే మందని మందలించారు. ఆ తోటివారు చెడ్డవాళ్లు కారు. భక్తి తక్కువైన వాళ్లూ కారు. మా వరండాలో ఓపిక పట్టమన్న మేమూ అంతే.

2009లో షార్జాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ ఈ విషయాన్ని వైద్యులతో కలిసి పరిశీలించింది. షుగర్ రోగులను ముప్పును బట్టి నాలుగు వర్గాలుగా చేసి, ముప్పు ఎక్కువగా ఉన్న మొదటి రెండు వర్గాలవారు రోజా ఉండరాదని తీర్మానించింది. ఉన్నపళంగా ప్రాణం మీదికి వచ్చి రోజా విరమించినవారికి ఆ ఒక్క రోజా ఖజా చేసుకోవడమే గాని కఫ్ఫారా లేదన్నది ఉలమాల మాట. మామూ ఆస్పత్రి మంచం మీద అడిగిన ప్రశ్నకు ఇదే జవాబు. వేలు గుచ్చి చక్కెర చూసుకుంటే రోజా భంగం కాదు. ఈ ఒక్క ముక్క తెలియక ఎంతమంది మీటరును బీరువాలో పెట్టి తాళం వేస్తున్నారో! ఇన్సులిన్ సూది వల్ల కూడా రోజా పోదని ఎక్కువమంది విద్వాంసుల అభిప్రాయం. అనుమానం ఉంటే మీ మసీదు ఇమాం సాహెబ్‌ను రమజాన్ రాకముందే అడగండి.

అలాగని షుగర్ ఉన్న ప్రతివారూ రోజా మానేయాలని నేను అనడం లేదు. "ముప్పై ఏళ్లుగా ఉంటున్నాను, నాకేం కాలేదు" అనే పెద్దలు ప్రతి మొహల్లాలోనూ ఉన్నారు. వారిలో చాలామంది మాట నిజమే. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడుతూ, చక్కెర అదుపులో ఉన్న రెండో రకం రోగికి ముప్పు తక్కువ. అందుకే అందరికీ గంపగుత్తగా వద్దని చెప్పే డాక్టర్ల మీద నాకు ఫిర్యాదు ఉంది. వారు వద్దన్నంత మాత్రాన రోగి మానడు. అబద్ధం చెప్పి ఉంటాడు. పాత మోతాదు మాత్ర పాత వేళకే మింగుతాడు. అంతకంటే ప్రమాదం ఏముంది?

చేయవలసింది షాబాన్ నెల రాకముందే మొదలుపెట్టాలి. రమజాన్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు డాక్టరు దగ్గరకు వెళ్లి, నేను రోజా ఉండాలనుకుంటున్నానని నోరు తెరిచి చెప్పండి. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2021లో సవరించిన మార్గదర్శకాల్లో, వయసు, జబ్బు ఎన్నేళ్లది, ఏ మందులు, మూత్రపిండాలు, గుండె, చేసే కాయకష్టం, అంతకుముందు చక్కెర పడిపోయిందా అన్నవన్నీ కలిపి మార్కులు వేసే పద్ధతి ఉంది. ఆ మార్కులను బట్టి డాక్టరు చెప్పగలరు. ఉండదగిన వారికి మందుల వేళలు మారతాయి. పెద్ద మోతాదు ఇఫ్తార్‌కు జరుగుతుంది, సహరీది తగ్గుతుంది, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్ర బదులు మరో మాత్ర వస్తుంది. ఇన్సులిన్ మోతాదు తగ్గించవలసి రావచ్చు. ఎంతన్నది డాక్టరు తేల్చాలి, పక్కింటి భాయ్ కాదు, నేనూ కాదు. సహరీని ఫజ్ర్ దగ్గరదాకా ఆలస్యం చేయడం, ఇఫ్తార్‌కు తొందరపడటం సున్నత్. షుగర్ రోగికి రెండూ ప్రాణరక్షణ కూడా. అర్ధరాత్రి తిని పడుకుని, సహరీలో ఒట్టి టీతో మాత్ర మింగడం మా మామూ చేసిన పని.

పగలు ఏ వేళనైనా మీటరులో 70 కంటే తక్కువ గాని, 300 కంటే ఎక్కువ గాని కనబడితే ఆ రోజు రోజా విరమించాలి. అసర్ తర్వాత ఒకసారి తప్పక చూసుకోవాలి. ఇంకో ఇరవై నిమిషాలే ఉంది కదా అనుకునే ఆ ఇరవై నిమిషాల్లోనే మనిషి చేతిలోంచి జారిపోతాడు.

మన స్త్రీల సంగతి విడిగా చెప్పాలి. సహరీకి అందరికంటే ముందు లేచేది అమ్మీ, అందరికీ వడ్డించి అజాన్ లోపు రెండు ముద్దలు మింగేదీ అమ్మీయే. అసర్ తర్వాత, ఏ గంటలో చక్కెర పడిపోతుందో సరిగ్గా ఆ గంటలో, ఆమె నూనె బాణలి ముందు నిలబడి పకోడీలు వేస్తూ ఉంటుంది. చెమట పట్టిందంటే పొయ్యి వేడి అనుకుంటారు. ఇంట్లో అబ్బాజాన్‌కు కొన్న మీటరు ఆమె వేలి దాకా రావడం అరుదు. గర్భిణిగా ఉండి షుగర్‌కు ఇన్సులిన్ తీసుకునే కోడళ్లు అత్తగారి ముఖం చూసి రోజా ఉండటం నాకు తెలుసు. వారు ముప్పు ఎక్కువగా ఉన్న వర్గంలోని వారు, మినహాయింపు వారి కోసమే ఉంది.

ఇమాం సాహెబ్‌లకు ఒక విన్నపం. షాబాన్ చివరి జుమా బయాన్‌లో ఐదు నిమిషాలు ఈ మాటకు కేటాయించండి. మింబర్ మీద నుంచి వచ్చిన ఐదు నిమిషాలు ఆస్పత్రి గోడ మీది పది పోస్టర్ల కంటే ఎక్కువ పనిచేస్తాయి. మీ మొహల్లాలో డాక్టరు ఉంటే ఆయన్నే పిలిచి పక్కన నిలబెట్టండి. వజూఖానా దగ్గర అల్మారాలో ఒక మీటరు, ఒక చక్కెర పొట్లం ఉంచితే అయ్యే ఖర్చు ఏపాటి?

మామూ ఇప్పుడు రోజా ఉండటం లేదు. డాక్టరు లెక్కలు వేసి వద్దన్నారు, మౌల్వీ సాహెబ్ ఫిద్యా లెక్క చెప్పారు. రోజూ సాయంత్రం టిఫిన్ క్యారియర్ పట్టుకుని బస్టాండు పక్కనుండే ఒక ముసలాయనకు భోజనం ఇచ్చి వస్తారు. మొదటి ఏడాది మాత్రం మధ్యాహ్నం అన్నం లోపలి గదిలో తలుపు గడియ పెట్టుకుని తినేవారు. రోజా ఉన్న మనవడు చూస్తాడని సిగ్గు. నిరుడు ఆ మనవడే తలుపు తట్టి, "నానా, మాత్ర వేసుకున్నారా?" అని అడిగాడట. ఈ ఏడు గడియ పెట్టలేదని ముమానీ చెప్పింది.